దస్తావేజులో ఇల్లాలు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అనే సామెతను మనం లెక్కలేనన్నిసార్లు విని ఉంటాం. అందులోని 'చూడు' అన్న మాట ఎవరితో అంటున్నారో మాత్రం ఎవరూ అడగరు. ఇల్లు కట్టేవాడూ, పెళ్లి చేసేవాడూ ఒకడే. ఆ ఇంటి యజమాని, ఆ ఆడపిల్ల తండ్రి. మరో సామెత ఉంది, "ఇంటిని చూసి ఇల్లాలిని చూడు" అని. ఇక్కడికి వచ్చేసరికి ఆమె కనిపిస్తుంది. కట్టడంలో లేని మనిషి కట్టిన తర్వాత తుడవడానికి వచ్చేసింది. మన భాషలో 'ఇల్లు' నుంచి 'ఇల్లాలు' పుట్టింది కానీ, ఇల్లు సొంతమైన స్త్రీకి మాట పుట్టలేదు. 'యజమానురాలు' అన్నా చాలాసార్లు యజమాని భార్య అనే అర్థం చేసుకుంటాం. కాలనీల్లో అద్దెకుండేవాళ్లు 'ఓనరాంటీ' అని పిలిచేది కూడా ఓనరుగారి భార్యనే. ఇల్లు నిజంగా ఆమెదే అయితే ఆ సంగతి విడిగా చెప్పుకోవాల్సిందే.

తెలుగు స్త్రీల సాహిత్యంలో ఇంటి గురించి ఎంత రాశారో లెక్క తీస్తే బహుశా మరే వస్తువు గురించీ అంత రాయలేదని తేలుతుంది. విమల 'వంటిల్లు' కవిత తర్వాత వంటగది గురించి పాత పద్ధతిలో మాట్లాడటం ఎవరికీ సాధ్యం కాలేదు. అబ్బూరి ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు'లో వరండాలోని కుండీ, 'సుఖాంతం'లో నిద్రకు కూడా తీరిక దొరకని గృహిణి, రంగనాయకమ్మ 'స్వీట్ హోం'లో విమలా బుచ్చిబాబుల కాపురం, ఓల్గా 'స్వేచ్ఛ' (1987)లో పుట్టింట దొరకనిది ప్రేమించి కట్టుకున్న ఇంట్లోనూ దొరకని అరుణ - ఇవన్నీ ఇంటి లోపలి కథలు. ఇంట్లో శ్రమ ఎవరిది, నిద్ర ఎవరిది, మాట ఎవరిది అని నిలదీసిన కథలు. మా తరం పరిశోధకులకు స్త్రీవాదం నేర్పినవి ఇవే. నా సిద్ధాంత వ్యాసంలోనూ వీటి చుట్టూనే తిరిగాను.

అయితే ఈ మధ్య ఇవి మళ్లీ చదువుతుంటే నాకు ఒక ఖాళీ కనిపించింది. ఈ ఇళ్లు ఎవరి పేర ఉన్నాయి? అద్దెవా, సొంతవా? సొంతమైతే డబ్బెవరు కట్టారు, సంతకం ఎవరు చేశారు? అప్పు తీరిందా? మన కథల్లో గదులున్నాయి, గోడలున్నాయి, గుమ్మాలున్నాయి, కాగితాలు లేవు. ఉన్నచోట కూడా మన విమర్శ వాటిని పట్టించుకోలేదు. వంటిల్లు రాజకీయమని గుర్తించిన మనం, ఆ వంటిల్లు ఎన్ని గజాల స్థలంలో ఎవరి పేర రిజిస్టరైందో రాజకీయమని గుర్తించడానికి ఎందుకింత ఆలస్యం చేశాం? ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్న ప్రశ్న అదే.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథనే తీసుకుందాం. చదువుకున్న చురుకైన అమ్మాయి ఒకతె పెళ్లయి ఇల్లాలవుతుంది. ఇల్లు అలకడంలో, ముగ్గులు పెట్టడంలో నిపుణురాలవుతుంది. ఒకరోజు హఠాత్తుగా తన పేరే గుర్తుకు రాదు. పిల్లలకు అమ్మ, పనిమనిషికి అమ్మగారు, ఇరుగుపొరుగుకు ఫలానా ఆయన భార్య. పేరు వెతుక్కుంటూ పుట్టింటికి వెళుతుంది. చివరికి పాత స్నేహితురాలు 'శారదా' అని పిలిస్తే ఆ పేరుతో పాటు తానూ తిరిగొస్తుంది. మూడు దశాబ్దాలుగా ఈ కథను అస్తిత్వం కోల్పోయిన స్త్రీ కథగా చదువుతున్నాం, పాఠం చెబుతున్నాం. అది సరైన చదువే. కానీ అందులో ఇంకో వాక్యం దాగి ఉంది. ఇల్లు నీదే అని ఆ యువతికి చెప్పి అప్పగించినవాడు ఇచ్చినది ఇంటి పని, ఇల్లు కాదు. ఆమె పేరు ఇంటి పనిలో కొట్టుకుపోయింది నిజమే. అసలు ఆ ఇంటి మీద ఆమె పేరు ఎప్పుడైనా ఉందా? పోగొట్టుకున్న పేరుకు ముందే, రాయని పేరు ఒకటుంది.

ఆ రాయని పేరు కోసం వెతకాలంటే కథల పక్కన ఇంకో రకం పాఠ్యాన్ని పెట్టుకు చదవాలి. దాని పేరు దస్తావేజు.

నాకు ఆ పాఠ్యం చేతికి రావడానికి కారణం సాహిత్యం కాదు, అవసరం. నేను ఒంటరిగా ఉంటాను. పదకొండేళ్లలో ఆరు అద్దె ఇళ్లు మారాను. ఈ ఏడాది హైదరాబాదుకు తూర్పున, ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు నుంచి లోపలికి వెళితే వచ్చే ఒక చిన్న కాలనీలో 120 గజాల స్థలంలో పాత ఇల్లొకటి బేరం చేశాను. ఒకప్పుడు చిరుద్యోగులు సంఘంగా ఏర్పడి కొనుక్కున్న స్థలాలవి. 240 గజాల ప్లాట్లు అన్నదమ్ముల పంపకాల్లో సగాలయ్యాయి. ఎల్బీనగర్‌కు 2018లో మెట్రో వచ్చాక ధరలు కొత్త అంతస్తులు ఎక్కాయి. ఇంటి ముందు జామచెట్టు, వీధి చివర వినాయకుడి గుడి, పక్కన పాల బూతు, సాయంత్రం అరుగుల మీద ఆడవాళ్లు. నాకు నచ్చిన చోటు.

బ్రోకరు మొదటి రోజే "సార్ ఎప్పుడొస్తారు మేడమ్, చూసుకోవడానికి?" అన్నాడు. సార్ లేరని చెప్పాను. "మరి నాన్నగారా?" అన్నాడు. ఇంటి వాస్తు చూసిన పెద్దాయన నైరుతి గది యజమానికీ, ఆగ్నేయ మూల ఇల్లాలికీ అని వివరించాడు. రెండు మూలల్లోనూ ఒక్కరే ఉంటే శాస్త్రం ఏమంటుందని అడిగితే కాసేపు ఆలోచించి, "ఎప్పటికైనా సర్దుకుంటుందమ్మా" అని దీవించాడు. రుణానికి వెళ్లిన ఒక బ్యాంకులో నా జీతం కాగితాలన్నీ సరిపోయాక కూడా తండ్రినో తమ్ముణ్ణో సహ దరఖాస్తుదారుగా పెడితే 'సేఫ్' అన్నారు. అదే బ్యాంకు గోడ మీద ఆడవాళ్లకు గృహరుణం వడ్డీలో రాయితీ అని పోస్టరుంది. ఇవి ఒంటరి స్త్రీలందరికీ తెలిసిన సంగతులే కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను. నేను చెప్పదలచుకున్నది, ఆ తర్వాత నా చేతికొచ్చిన లింకు డాక్యుమెంట్ల కట్ట గురించి.

ఇల్లు కొనేవాళ్లు ముప్పై ఏళ్ల ఈసీ తీసి, అంతకుముందు నుంచి చేతులు మారిన దస్తావేజులన్నీ లాయరుకు చూపించాలి. లాయరు చదివేది లోపాల కోసం. నేను చదివింది అలవాటు కొద్దీ, ఒక వచన రచనను చదివినట్టు. అందులో ఒక కథనం ఉంది, కథకుడున్నాడు, పాత్రలున్నాయి. 'వ్రాయించి ఇచ్చినవారు', 'వ్రాయించుకొన్నవారు' అని ఇద్దరు ముఖ్యులు. మగవాడి పేరు పక్కన తండ్రి పేరు, వృత్తి. ఆడమనిషి పేరు పక్కన భర్త పేరు, వృత్తి దగ్గర 'గృహిణి'. స్థలానికి నాలుగు హద్దులు చెప్పినట్టే ఆమెకూ ఒక హద్దు చెబుతారు. ఇక దస్తావేజు గుండెకాయ లాంటి వాక్యం ఒకటుంది. ఈ ఆస్తిని మీరు పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించవలసిందని. ఎన్ని తరాలుగా ఎన్ని లక్షల కాగితాల మీద ఈ వాక్యం అచ్చయి ఉంటుంది! పుత్రులు, పౌత్రులు. పుత్రికలు ఆ సమాసంలో ఇమడలేదు. నా పేర రాయబోయే ముసాయిదాలో కూడా దస్తావేజు లేఖరి అదే వాక్యం పెట్టి పంపాడు. పెళ్లి కాని ముప్పై ఆరేళ్ల స్త్రీని పుత్రపౌత్రాదులతో సుఖంగా అనుభవించమని! 'వారసులతో' అని మార్చమన్నాను. "అది ఊరికే రాసేదే మేడమ్, అర్థం ఉండదు" అన్నాడు. అర్థం లేదనుకునే వాక్యాల్లోనే ఒక సమాజం తన అర్థాలన్నీ దాచుకుంటుందని సాహిత్య విద్యార్థికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ కట్టలో ఆడవాళ్ల పేర్లు ఎక్కడెక్కడ వచ్చాయో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ పోయాను. మొదటి కొనుగోలుదారు ఒక ఉద్యోగి. సాక్షులు ఇద్దరూ మగవాళ్లు. ఆయన 2009లో పోయారు. 2011లో ఒక పత్రం ఉంది - హక్కు విడుదల దస్తావేజు. అందులో ఒక్కసారిగా ముగ్గురు స్త్రీల పేర్లు, మూడు ఫొటోలు, మూడు సంతకాలు, పది వేళ్ల ముద్రలు. ఆయన కూతుళ్లు. తమ వివాహ సమయంలో పుట్టింటివారు ఇవ్వవలసినవన్నీ ఇచ్చినందున, సోదరుడిపై గల ప్రేమాభిమానాలతో, ఎలాంటి ప్రతిఫలం లేకుండా తమ వాటా హక్కును వదులుకుంటున్నామనేది దాని సారాంశం. లాయరు ఆ పత్రం దగ్గర ఆగి సంతృప్తిగా తలూపాడు. "ఆడపిల్లల సంతకాలు ఉన్నాయి. టైటిల్ క్లీన్."

ఆ మాట నాకు చాలారోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఆ ఇంటి చరిత్ర మొత్తంలో ఆ ముగ్గురి పేర్లు వచ్చింది ఒక్కచోటే, తమకేమీ అక్కర్లేదని చెప్పడానికి. శారదకు ఒకరు పేరు పెట్టి పిలిస్తే ప్రాణం లేచొచ్చింది. ఈ ముగ్గురిని ప్రభుత్వ కార్యాలయంలో పేరు పెట్టి, ఫొటో తీసి, వేలిముద్ర వేయించి మరీ పిలిచారు, పేరు వెనక్కి తీసుకోవడానికి. నేను, ఒక స్త్రీని, నా పేర ఇల్లు కొనుక్కోగలగడానికి ఆధారం ఆ మూడు విడుదల సంతకాలు. ఒక స్త్రీ హక్కు శుభ్రంగా ఉండాలంటే ముగ్గురు స్త్రీల హక్కు తుడిచిపెట్టుకుపోవాలి. అలకడమంటే ఇదే కదా!

ఇక్కడ చట్టం కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే దాన్ని మనం సగమే చెప్పుకుంటున్నాం. ఆడపిల్లల ఆస్తిహక్కు అనగానే 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన మార్పు గుర్తొస్తుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చిన చట్టం. అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకొచ్చిన కేంద్ర సవరణ ఆ తేడా తీసేసి దేశమంతటికీ సమాన హక్కు ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న వివాదాన్ని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, అక్కర్లేదని. ఇంతవరకూ మనకు తెలుసు. కానీ కాలనీ ప్లాటు సాధారణంగా పిత్రార్జితం కాదు, తండ్రి జీతంతో కొన్న స్వార్జితం. వీలునామా రాయకుండా తండ్రి పోతే, అలాంటి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా 1956 నుంచే ఉంది. మరి ఇన్నేళ్లూ ఏమైంది? అదే చట్టంలో 23వ సెక్షన్ ఒకటుండేది. కుటుంబం నివసించే ఇంటి విషయంలో, మగ వారసులు పంచుకుందామని అనుకునేదాకా ఆడ వారసులు వాటా పంచమని అడగడానికి వీల్లేదు. పెళ్లికాని, భర్త పోయిన, భర్త వదిలేసిన కూతుళ్లకు అక్కడ తలదాచుకునే హక్కు మాత్రం ఉంటుంది. పొలంలో అడగవచ్చు, బ్యాంకులో డబ్బులో అడగవచ్చు, ఇంట్లో అడగకూడదు! యాభై ఏళ్లు ఉన్న ఈ సెక్షన్‌ను 2005 సవరణే తీసేసింది.

ఈ 23వ సెక్షన్‌ను ఒక సాహిత్య పాఠ్యంగా చదవండి. ఇల్లు మగపిల్లలది, ఆడపిల్ల అక్కడికి ఆపద వస్తేనే వస్తుంది అనే భావన అందులో ఎంత స్పష్టంగా ఉందో చూడండి. మన కథల్లో పుట్టింటికి తిరిగొచ్చిన కూతుళ్లను గుర్తు చేసుకోండి. పెరటి గదిలోనో, వంటింటి పక్కనో చాప వేసుకునే వాళ్లను. వాళ్ల బతుకు అన్నావదినెల దయ అని రచయితలు రాశారు. నిజానికి అది చట్టం గీసిన బొమ్మ. ఆ గీతను మనం మానవ స్వభావంగా, కుటుంబ విషాదంగా చదువుకుంటూ వచ్చాం.

2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఓంప్రకాశ్ కేసు తీర్పు ఇంకో కథ. నారాయణీదేవి పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయాడు. అత్తింటివారు వెళ్లగొట్టారు. పుట్టింటివారు చదివించారు. ఉద్యోగం చేసి సొంతంగా సంపాదించుకుంది. పిల్లలు లేకుండా, వీలునామా రాయకుండా చనిపోయింది. ఆ సంపాదన ఎవరికి చెందాలి? వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం భర్త వారసులకు. కోర్టు అదే చెప్పింది. జీవితంలో మూడు నెలలు ఉన్న ఇల్లు, ఆమె పోయిన తర్వాత ఆమె ఆస్తి మొత్తాన్ని తీసుకెళ్లింది. ఏ రచయిత్రి అయినా ఇలాంటి ముగింపు రాస్తే, మరీ అతిగా ఉందని మనమే అనేవాళ్లం. ఇల్లు కొనుక్కునే ఒంటరి స్త్రీలు రిజిస్ట్రేషన్ కాగానే రాయవలసింది వీలునామా అని ఈ తీర్పు నాకు నేర్పింది. ఇది విమర్శ వ్యాసంలో చెప్పవలసిన మాట కాదేమో, అయినా చెప్పకుండా ఉండలేను.

అయితే ఆడవాళ్ల పేర్ల మీద ఇళ్లు లేవా? మా కాలనీలోనే చాలా ఉన్నాయి. ఆడవాళ్ల పేర కొంటే వడ్డీ కొంచెం తగ్గుతుంది, ఢిల్లీ వంటి చోట్ల స్టాంపు డ్యూటీ కూడా తగ్గుతుంది. భార్య పేర కొనడాన్ని 1988 నాటి బినామీ చట్టమే మినహాయించింది. అప్పుల వాళ్ల నుంచీ వ్యాపార నష్టాల నుంచీ కాపాడుకోవడానికి భార్య పేరంత భద్రమైన లాకరు లేదు. తెలుగులో 'పేరుకు' అన్న మాటకున్న రెండో అర్థం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. పేరుకు ఆమెదే. కాలనీ సంక్షేమ సంఘం సమావేశానికి వెళ్లి చూశాను. ముప్పై మందికి పైగా వచ్చారు, ఇద్దరం ఆడవాళ్లం. వచ్చిన మగవాళ్లలో కనీసం పదిమంది ఇళ్లు వాళ్ల భార్యల పేర ఉన్నవేనని తర్వాత అరుగుల మీద కబుర్లలో తెలిసింది. నోటీసులన్నీ 'శ్రీయుత' అనే వస్తాయి. గేట్ల మీద గ్రానైటు పలకల్లో మాత్రం 'తులసి నిలయం', 'లక్ష్మీ నివాస్' అని అమ్మల పేర్లు, అమ్మవార్ల పేర్లు. దస్తావేజులో పేరుంది, గుమ్మం మీద పేరుంది, మాట్లాడే చోట మనిషి లేదు. అందుకని పేరెక్కించగానే సమస్య తీరిపోతుందని నేననడం లేదు. పేరును కాగితం నుంచి గొంతులోకి తెచ్చుకోవడం ఇంకో పోరాటం. శారద కథ మళ్లీ ఇక్కడ పనికొస్తుంది. ఆమెకు సర్టిఫికెట్లలో పేరు ఉంది, అది సరిపోలేదు. ఇంకొకరు ఆ పేరుతో పిలవాలి, తాను పలకాలి, ఇంటికొచ్చి ఇకనుంచి ఇలాగే పిలవమని చెప్పాలి.

ఇంతవరకూ నేను రాసిందంతా కొనగలిగినవాళ్ల సంగతి. ఎవరు కొనగలరు, ఎవరికి అమ్ముతారు అనేది దానికి ముందున్న ప్రశ్న. మా కాలనీలో టు-లెట్ బోర్డుల మీద 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని ఉంటుంది. ఆ మాటకు కులమూ మతమూ రెండూ అర్థాలే. ఊరూ వాడా పోయి నగరం వచ్చిందనుకుంటాం. నాలా అవతలి బస్తీ నుంచి మా కాలనీ ఇళ్లల్లో పనికొచ్చే ఆడవాళ్లను చూస్తే పోలేదని తెలుస్తుంది. ఇల్లు చెరసాల అన్న మన స్త్రీవాదానికి దళిత స్త్రీలు చాలాకాలం కిందటే జవాబిచ్చారు. చెరసాల అనడానికైనా ముందు ఒక ఇల్లుండాలి కదా అని. గోగు శ్యామల, జూపాక సుభద్ర, జాజుల గౌరి లాంటి రచయిత్రులను చదివిన తర్వాత ఇల్లన్న మాటకు నాలుగు గోడలని ఒకే అర్థం చెప్పుకోవడం కుదరదు. నేలతో, పొలంతో, వాడతో తెగని ఇల్లది. గడప దాటడం విముక్తి అన్నది గడప ఉన్నవాళ్ల మాట.

బస్తీ నుంచి వచ్చే ఒకామె తనకొచ్చిన పట్టా గురించి నాకు చెప్పిన మాట నా చదువును సరిదిద్దింది. పేదలకిచ్చే ఇళ్ల స్థలాల పట్టాలు ఆడవాళ్ల పేర ఇవ్వడం మన దగ్గర చాలాకాలంగా ఉన్న పద్ధతి. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన కూడా ఇల్లు ఇంటి ఇల్లాలి పేరనో ఉమ్మడి పేరనో ఉండాలని షరతు పెట్టింది. ప్రభుత్వమిచ్చిన భూమిని అమ్మడాన్ని నిషేధించే 1977 చట్టం ఉంది. అమ్మకానికి వీలు కానిది ఆస్తా అని మనలాంటివాళ్లం అంటాం. ఆమె అన్నది, "అమ్ముడుపోదు కాబట్టే ఉంది మేడమ్. లేకపోతే మా ఆయన ఎప్పుడో తాగేసేవాడు." దాన వినిమయ విక్రయాది సర్వహక్కులూ లేకపోవడమే ఆమె ఇంటిని నిలబెట్టింది. సర్వహక్కులూ ఉన్న ఆ ముగ్గురు అక్కచెల్లెళ్లకు ఇల్లు మిగల్లేదు. హక్కుల సిద్ధాంతం ఇక్కడ ఇంకాస్త జాగ్రత్తగా నడవాలి.

ఈ వెలుగులో మన సాహిత్యాన్ని మళ్లీ చదివితే ఏం కనిపిస్తుంది? స్త్రీల కథల్లో అతి పెద్ద సాహసం ఇల్లు విడిచి వెళ్లడం. చలం 'మైదానం' (1927)లో రాజేశ్వరి వెళ్లిన చోటు ఎవరి పట్టాలోనూ లేనట్టుండే మైదానం. ఆమె స్వేచ్ఛకు హద్దురాళ్లు లేవు, కానీ తలుపూ లేదు. ఇబ్సెన్ నోరా 1879లో తలుపు వేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె ఏమై ఉంటుందని చైనా రచయిత లూ సున్ 1923లో విద్యార్థినుల ముందు ప్రసంగిస్తూ అడిగాడు. చేతిలో డబ్బు లేకపోతే ఆమెకు తిరిగి రావడమో చెడిపోవడమో తప్ప దారి లేదన్నాడు. మన నాయికలు వెళ్లిన తర్వాత ఎక్కడున్నారు? హాస్టల్లోనా, స్నేహితురాలి గదిలోనా, అద్దె వాటాలోనా? ఎంత అద్దె? ఒంటరి ఆడదానికి ఎవరిచ్చారు? ఈ ప్రశ్నల దగ్గర కథలు చాలావరకు ముగిసిపోతాయి. అది రచయిత్రుల లోపమని నేననను. గడప దాటించడమే ఒక తరానికి జీవితకాలం పని. దాటిన తర్వాతి కథ మా తరం చెప్పాలి.

అబ్బూరి ఛాయాదేవి 'తన మార్గం' ఆ దిశలో ఒక మెట్టు. భర్త పోయాక పిల్లల ఇళ్లల్లో వంతులవారీగా సర్దుకోకుండా తన ఇంట్లో తానుండాలనుకునే తల్లి కథ అది. దాన్ని ఆత్మగౌరవ కథగా చదువుతాం. ఆ ఆత్మగౌరవం నిలబడ్డ నేల గురించి కూడా చదవాలి. ఉండటానికి తనదంటూ ఒక చోటు లేకపోతే అదే స్త్రీ, అదే దృఢచిత్తం, అదే ఆత్మగౌరవం కొడుకు ఇంటి వెనక గదిలో మౌనంగా ఉండిపోయేవి. స్వభావం అని మనం మెచ్చుకునేదాంట్లో సగం వసతి.

ఇంకో మార్పు కూడా వచ్చింది. వెళ్లిపోవడమే కాదు, వెళ్లకుండా ఉండటమూ హక్కేనని 2005 గృహహింస చట్టం చెప్పింది. ఇల్లు ఎవరి పేర ఉన్నా ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు స్త్రీకి ఉంది. అత్తమామల పేర ఉన్న ఇల్లు ఆ లెక్కలోకి రాదని 2006లో సుప్రీంకోర్టు అనడంతో ఎందరో కోడళ్లు వీధిన పడ్డారు. 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహుజా కేసులో అదే కోర్టు ఆ అభిప్రాయం తప్పని చెప్పింది. గడప దాటి వెళ్లిన నోరా కథ మనకు కంఠతా వచ్చు. "నేనిక్కడే ఉంటాను, వెళ్లవలసింది నేను కాదు" అని గుమ్మంలో కూర్చున్న స్త్రీ కథ తెలుగులో ఇంకా రావలసినంతగా రాలేదు. వస్తే మన విమర్శ దాన్ని రాజీ కథ అని పక్కన పెట్టకుండా చదవగలదా? సామాను సర్దుకున్న నాయికనే చైతన్యవంతురాలిగా గుర్తుపట్టడం మనకు అలవాటైపోయింది.

నా ఇంటి రిజిస్ట్రేషన్ అయింది. ముసాయిదాలోని ఆ పాత సమాసం 'వారసులు'గా మారింది, రెండుసార్లు పోట్లాడాక. ఆ ముగ్గురు అక్కచెల్లెళ్లలో ఒకరు అదే మండలంలో అద్దె ఇంట్లో ఉంటున్నారని పక్కింటావిడ చెప్పింది. ఆ పత్రం మీద సంతకం పెట్టిన రోజు గురించి ఆమె దగ్గర ఒక కథ ఉండే ఉంటుంది. తమ్ముడు పెట్టిన చీర రంగు, ఆఫీసు మెట్ల దగ్గర వదిన అన్న మాట, వేలికంటిన సిరా. ఆ కథ నాది కాదు, ఆమె తరఫున నేను రాయను. కానీ అలాంటి కథలు లేకుండా 'తెలుగు సాహిత్యంలో ఇల్లు' అనే అధ్యాయం పూర్తయిందని ఏ పరిశోధకురాలూ అనుకోకూడదు.

అందుకే ఈ పత్రిక చదివే రచయిత్రులకూ అధ్యాపకులకూ ఒక మాట. పరిశోధనలకు వస్తువులు దొరకడం లేదని మన విద్యార్థినులు తరచూ అంటుంటారు. ఇంటికెళ్లి బీరువాలోని కాగితాల కట్ట తీయమనండి. అందులో అమ్మమ్మ పేరు, అమ్మ పేరు, అత్త పేరు ఎక్కడెక్కడ వచ్చాయో చూడమనండి. కొన్నవారుగానా, ఫలానా ఆయన భార్యగానా, పసుపు కుంకుమ కింద పుచ్చుకున్నవారుగానా, వదులుకున్నవారుగానా? లేక అసలు రానే లేదా? ఆ పేర్ల పక్కన పెట్టి కథలు మళ్లీ చదవమనండి. ఇల్లలకగానే పండగ కాదని సామెత. అలికిన చేతికీ ఇంటి కాగితానికీ మధ్య ఎంత దూరముందో తేలితే, పండగ ఎవరిదో కూడా తేలుతుంది.